మా ఇంటి నేల తీసి మళ్ళీ వేయించుకున్న ఏడు వారాలు (నా అనుభవం)

మా చిన్నది హాల్లో ఒక్క గెంతు గెంతితే చాలు, గోడవారగా ఉన్న అలమరలో స్టీలు గ్లాసులు గలగలమనేవి. ఇంట్లో దిగిన మొదటి వారం అది మాకు సరదాగానే ఉండేది. దాన్ని మళ్ళీ మళ్ళీ గెంతమని మా ఆయనే ఉసిగొలిపేవారు. ఆ గలగల ఖరీదు పదకొండు వేల పౌండ్లని అప్పటికి తెలీదు.

మాది ఇంగ్లండ్‌లో నార్తాంప్టన్‌షైర్, కెటరింగ్ దగ్గర చిన్న ఊరు. 1890ల నాటి ఎర్ర ఇటుకల కాటేజీ. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ బూట్లు కుట్టి బతికినవే. మా పెరట్లో కూడా పెద్ద కిటికీ ఉన్న చిన్న షెడ్డు ఉంది, అందులో కూర్చుని బూట్లు కుట్టేవారట. ఆ షెడ్డు చూసే నేను ఇంటి మీద మనసు పడ్డాను. నేల సంగతి ఎవరు చూశారు? కార్పెట్ ఉంది, శుభ్రంగా ఉంది, అంతే.

2023 సెప్టెంబర్‌లో కొనేముందు సర్వే చేయించాం. లెవెల్ 3 సర్వే, అంటే ఇల్లు కొనేముందు చేయించే తనిఖీల్లో అన్నిటికంటే వివరమైనది, అరవై పేజీల రిపోర్టు. అందులో 31వ పేజీలో ఒక్క వాక్యం: ముందుగది నేల కొంచెం ఊగుతోంది, గాలి రంధ్రాలు కొన్ని మూసుకుపోయాయి, నిపుణుడికి చూపించండి. అలాంటి వాక్యాలు ఆ రిపోర్టు నిండా ఉన్నాయి. చిమ్నీ చూపించండి, గట్టర్ చూపించండి, వైరింగ్ చూపించండి. అన్నీ ఒకే స్వరంలో రాస్తే ఏది భయపడాల్సిందో మనకెలా తెలుస్తుంది? అయినా అదే వాక్యం చూపించి అమ్మేవాళ్ళ దగ్గర నాలుగు వేలు తగ్గించుకున్నాం. తెలివైన పనే చేశామనుకున్నాం.

నవంబర్ 2న తాళాలిచ్చారు. ఆ సాయంత్రమే పాలు పొంగించాం. వారం తిరిగేసరికి ముందుగదిలో ఒక వాసన పట్టుకుంది. మూత తీయకుండా వదిలేసిన పుట్టగొడుగుల డబ్బా వాసన. కార్పెట్ మూల ఎత్తితే కింద పలక నల్లగా, చెమ్మగా ఉంది. స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగిపోయింది. గుచ్చింది నేనే. తీసి మళ్ళీ పక్కన గుచ్చాను, అక్కడా దిగింది. ఇక గుచ్చడం మానేశాను.

ఆ రాత్రి తెనాలికి వీడియో కాల్ చేశాం. మా మావయ్యగారు ముప్పై ఏళ్ళు టింబర్ డిపో నడిపిన మనిషి. ఫోన్ నేలకేసి చూపిస్తే ముందు ఆయనకి అర్థం కాలేదు.

"పలక కింద ఏముందమ్మాయ్? స్లాబు కనబడదేం?"

"స్లాబు లేదు మావయ్యగారూ. మట్టి. మట్టికీ పలకలకీ మధ్య రెండడుగుల ఖాళీ."

"అంటే మిద్దె మీద మిద్దె వేసినట్టు, కింద కూడా వాసాలేనా? గాల్లో కూర్చున్నారన్నమాట మీరు!"

నిజంగా అంతే. గోడ నుంచి గోడకి కర్ర వాసాలు, వీటిని ఇక్కడ జాయిస్ట్‌లంటారు. మధ్యలో వాటిని మోయడానికి చిల్లులు వదిలి కట్టిన పొట్టి ఇటుక గోడలు, అవి స్లీపర్ వాల్స్. పైన పలకలు. ఇంటి ముందు, వెనక గోడల్లో అడుగున చిల్లుల ఇటుకలు పెడతారు, ఇటు నుంచి అటు గాలి ఆడటానికి. మావయ్యగారు అంతా విని అడిగింది ఒకటే ప్రశ్న: "మరి గాలి ఆడుతోందా?" మేం తడబడ్డాం. ఆయన ఆ రోజు అడిగిన ఆ ప్రశ్న ఇక్కడి నిపుణుల్లో ఒకరు అడగనే లేదు, రెండోవారు మూడు వందల అరవై పౌండ్లు తీసుకుని అడిగారు.

అడగనివాళ్ళ గురించి ముందు చెప్తాను. చెమ్మ బాగుచేసే ఒక కంపెనీ ఉచితంగా సర్వే చేస్తామంటే నవంబర్ 14న పిలిచాం. వచ్చినతను ఇరవై నిమిషాలు గోడలకి మీటర్ ఆనించాడు. అది ఆనించిన ప్రతిచోటా కీచుమంది. నేల నుంచి గోడల్లోకి చెమ్మ ఎక్కుతోంది, గోడలకి మందు ఇంజెక్షన్లు చేయాలి, మీటరు ఎత్తు దాకా ప్లాస్టర్ కొట్టేయాలి, కర్రకి మందు కొట్టాలి అన్నాడు. 5,800 పౌండ్లు, పైన వ్యాట్. నేల కిందకి తొంగి చూశాడా అంటే లేదు. ఉచిత సర్వే చేసేవాడికి మందు అమ్మడమే జీతం అని మా ఆఫీసులో ఒకావిడ నవ్వింది. ఏ కంపెనీతోనూ సంబంధం లేని సర్వేయర్‌ని పెట్టుకోమని సలహా ఇచ్చింది కూడా ఆవిడే.

నవంబర్ 29న వచ్చిన ఆ సర్వేయర్ పెద్దాయన. మోకాళ్ళకి ప్యాడ్లు కట్టుకుని, రెండు పలకలు ఊడదీసి, టార్చ్‌తో తల లోపల పెట్టి పావుగంట అలాగే పడుకున్నాడు. లేచి చెప్పింది ఇది. కర్రలో తేమ 28 శాతం ఉంది, 20 దాటితేనే పుచ్చుకి దారి దొరుకుతుంది. అదృష్టం కొద్దీ ఇది వెట్ రాట్, డ్రై రాట్ కాదు. డ్రై రాట్ అయితే గోడ దాటుకుని కూడా పాకుతుంది, ఇది తడి ఉన్నంత మేరే తింటుంది. పురుగు రంధ్రాలు ఉన్నాయి కానీ చాలా పాతవి. తర్వాత నన్ను బయటికి తీసుకెళ్ళి చూపించాడు. ఇంటి ముందు రెండు చిల్లుల ఇటుకలు పూలమడి మట్టిలో కూరుకుపోయి ఉన్నాయి. పాతవాళ్ళు ముచ్చటగా పెంచిన లావెండర్ మడి! వెనకవైపు ఎప్పుడో వంటగది పెంచి కాంక్రీటు పోశారు, ఆ కాంక్రీటు వెనక గాలిదారిని పూర్తిగా మూసేసింది. ఆ కాంక్రీటు పోసిన దగ్గర్నుంచీ నేల కింద గాలి ఆడలేదు.

"ముందు గాలి సంగతి చూడండి. కర్ర మార్చి గాలి మార్చకపోతే పదిహేనేళ్ళకి మళ్ళీ నాలాంటివాణ్ణి పిలుస్తారు" అన్నాడు. ఈ మాట వినని బిల్డర్‌కి పని ఇవ్వొద్దని కూడా చెప్పాడు.

డిసెంబర్ అంతా కొటేషన్లతో సరిపోయింది. ఒకతను చూసి, కొలతలు రాసుకుని, టీ తాగి వెళ్ళాడు. మళ్ళీ పత్తా లేడు. ఒకరు 11,400 అన్నారు. మూడో అతను, తనూ ఒక ముసలి కార్పెంటరూ కలిసి చేసేవాళ్ళు, ముందుగది, దాని వెనక గది, రెండిటికీ కలిపి 7,600 చెప్పాడు. రెండూ కలిపి సుమారు 27 చదరపు మీటర్లు. గాలి గురించి మేం చెప్పకముందే అడిగాడు. జనవరి 22న మొదలుపెట్టి మూడు వారాల్లో ఇస్తానన్నాడు.

జనవరి 2న హెంక్ తుఫాను వచ్చింది. మా జిల్లాలో నీన్ నది పొంగింది, చాలా ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. మా ఇంట్లోకి రాలేదు గానీ, ఊడదీసిన పలక సందులోంచి చూస్తే నేల కింద ఒక మూల నీళ్ళు మెరుస్తున్నాయి. బిల్డర్ ఫోన్ చేసి, మునిగిన ఇళ్ళ పనులు ముందు చూడాలి, నాలుగు వారాలు ఆగండి అన్నాడు. కాదని ఎలా అంటాం? ఆ నాలుగు వారాలూ మేం ముందుగది తలుపేసి, ఆ వాసనకి తలుపు కింద తువ్వాలు కుక్కి బతికాం. ఆ వ్యవధిలోనే కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్‌కి (కట్టడాల నియమాలు చూసే విభాగం) నోటీసు ఇచ్చి 290 పౌండ్లు కట్టాం. నేల బాగుచేయడానికి కూడా అనుమతి కావాలా అనుకోకండి. నేలలో సగానికి మించి మారుస్తుంటే ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా ఆపే పొర) కూడా ఇప్పటి నియమాల ప్రకారం వేయాలి. యూ-వాల్యూ, అంటే నేల గుండా వేడి ఎంత పోతుందో చెప్పే అంకె, 0.25 కంటే మించకూడదు. రేపు ఇల్లు అమ్మేటప్పుడు ఆ సర్టిఫికెట్ అడుగుతారు.

ఫిబ్రవరి 19, సోమవారం, ఉదయం ఏడున్నరకి పని మొదలైంది. మొదట స్కర్టింగ్ చెక్కలు, గోడల అడుగున చుట్టూ కొట్టేవి. ఏడంగుళాల ఎత్తున్న పాతవి, ఇప్పుడలాంటివి దొరకవు. ముసలి కార్పెంటర్ వాటిని ఒక్కొక్కటే ఊడదీసి వెనక సుద్దముక్కతో నంబర్లు వేశాడు. పలకలకి కొట్టినవి బల్లపరుపు మేకులు. వాటిని లాగుతుంటే వచ్చే కీచుమనే చప్పుడు మధ్యాహ్నం దాకా నా మీటింగుల్లో అందరికీ వినిపించింది. సాయంత్రానికి ముందుగదికి నేల లేదు. గుమ్మంలో నిలబడి చూస్తే కింద నల్లటి మట్టి, దాని మీద 130 ఏళ్ళ చెత్త: ఇటుక ముక్కలు, బొగ్గు బూడిద, విరిగిన పింగాణీ. ఒకచోట ఆ గుట్ట వాసాలని తాకేంత ఎత్తు ఉంది. ఇల్లు కట్టినవాళ్ళే చెత్త ఎత్తకుండా పైన పలకలు కొట్టేసి వెళ్ళిపోయారు. మేస్త్రీలు ఎక్కడైనా మేస్త్రీలే!

రెండో రోజు ముసలాయన ఒక వాసం చివర పట్టుకుని కదిపాడు. గోడలో ఉన్న భాగం గోడలోనే ఉండిపోయి మిగతాది అతని చేతికొచ్చింది. ఆ విరిగిన చివర నాకిచ్చాడు. పిడక విరిచినట్టు చదరపు ముక్కలుగా పగిలి ఉంది, గోధుమరంగు, బరువే లేదు. వేళ్ళ మధ్య నలిపితే నశ్యంలా పొడి రాలింది. ఈ కర్ర మీద మా అమ్మాయిని గెంతించాం కదా అని నాకు కడుపులో తిప్పినట్టయింది. పద్నాలుగు వాసాల్లో పదకొండు అలాగే ఉన్నాయి. మధ్యభాగాలు మాత్రం ఇప్పటికీ రాయిలా ఉన్నాయి. గోడలో దూరిన చివర్లే పోయాయి.

మూడో రోజు ఇంకో వార్త. ఇంట్లోకి నీళ్ళు తెచ్చే పైపు నేల కింద బయటపడింది. బూడిదరంగు, మెత్తగా వంపు తిరిగి ఉంది. ప్లంబర్ నాణెంతో గీకితే వెండిలా మెరిసింది. సీసం. మూడు నెలలుగా ఆ నీళ్ళతోనే అన్నం వండుతున్నాం, పిల్ల తాగుతోంది. అన్ని వారాల్లో నేను ఏడ్చింది ఆ ఒక్క రోజే. వెంటనే బాటిల్ నీళ్ళకి మారాం. మా వైపు పైపు మేం మార్చుకుంటే వీధి వైపు ముక్కని నీటి కంపెనీ ఉచితంగా మార్చింది, కానీ దానికి ఐదు వారాలు ఆగాల్సి వచ్చింది. మా వైపు ఖర్చు 1,150. ఇది ఏ కొటేషన్‌లోనూ లేదు. అసలు నేల తీయకపోతే ఎప్పటికీ తెలిసేదే కాదు.

చెత్త ఎత్తడానికి నాలుగు రోజులు పట్టింది. బకెట్లతో నడవా గుండా మోసి ముందున్న స్కిప్‌లో (చెత్త పట్టుకెళ్ళే పెద్ద ఇనప తొట్టి) పోశారు. ఆ నాలుగు రోజుల్లోనే, పొయ్యి గూడు పక్కన మట్టిలోంచి ముసలాయన ఒక బూటు తీశాడు. పిల్లల బూటు, నా అరచేతికంటే కొంచెం పెద్దది. తోలు ఎండి అప్పడంలా బిగుసుకుపోయింది, మడమ ఒకవైపు అరిగింది. ఒక్కటే. రెండోది లేదు. ఇల్లు కట్టేటప్పుడు చెడు సోకకుండా ఇలా తొడిగి అరిగిన బూటు దాచేవాళ్ళని అతనే చెప్పాడు. నార్తాంప్టన్ మ్యూజియంలో ఇలా దొరికిన బూట్లకి ఒక చిట్టా కూడా ఉంది. వాళ్ళకి ఫోటో, వివరాలు పంపాం.

ఆ రాత్రి ఫోన్‌లో మా అత్తయ్యగారికి చూపిస్తే ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు. "దిష్టికి. మన లారీలకి వెనకాల చెప్పు కట్టరూ? కట్టే ఇంటికి కూడా కడతారుగా" అన్నారు. మావయ్యగారు పక్కనుంచి, "బయట పారేయకండి, ఉన్నచోటే ఉంచండి" అని కేకేశారు. ఆశ్చర్యం ఏమిటంటే, మర్నాడు కార్పెంటర్ కూడా అదే మాట అన్నాడు. దాన్ని బయట పెట్టుకుంటే తను ఈ ఇంట్లో పని చేయడట.

ఆ రోజుల్లో మా సంసారమంతా మేడ మీద. బెడ్‌రూమ్‌లో రైస్ కుక్కర్, కిటికీ గూట్లో ఆవకాయ సీసా. వంటగది ఇంటి వెనక ఉంది, మధ్యలో నేల లేదు. కాబట్టి ముందు తలుపులోంచి బయటికెళ్ళి, రెండిళ్ళ మధ్య సందులోంచి (ఇక్కడ దాన్ని జిట్టీ అంటారు) పెరటి తలుపు దాకా నడవాలి. ఫిబ్రవరి వానలో, చేతిలో పప్పుగిన్నె, చంకలో గొడుగు. ముందు తలుపు నుంచి మెట్ల దాకా వాసాల మీద రెండు పలకలు పరిచారు, పిల్లకి అది సర్కస్. నాకు మాత్రం రాత్రి బాత్రూమ్‌కి లేచినా మెట్లు దిగకుండా జాగ్రత్తపడటమే సరిపోయేది. చలి గురించి ఎవరూ చెప్పలేదు. నేల లేని ఇల్లంటే తలుపు లేని ఇల్లే. ఆ నెల గ్యాస్ బిల్లు చూసి మా ఆయన రెండు రోజులు హీటర్ మీటకి టేపు అంటించారు.

ఫిబ్రవరి 28 నుంచి మూడు రోజులు వంటగది కాంక్రీటు కోశారు. వెనక గోడ నుంచి నేల కింది ఖాళీలోకి 110 మిల్లీమీటర్ల పైపులు రెండు వేయడానికి. ఇది 900 అదనం. ఆ దుమ్ము ప్లాస్టిక్ పరదాలు దాటుకుని మేడ మీద నా చీరల బీరువాలోకి కూడా వచ్చింది. ముందువైపు లావెండర్ మడి తవ్వేసి, మట్టిని గోడలోని తేమ ఆపే పొరకి ఆరంగుళాలు దిగువకి దించారు. కొత్త ఎయిర్‌బ్రిక్‌లు, అంటే ఆ చిల్లుల ఇటుకలే, పెట్టారు. మార్చి 1 సాయంత్రం ముసలాయన వెనక పైపు దగ్గర నన్ను నిలబెట్టి, తను ముందు రంధ్రం దగ్గర అగరుబత్తి వెలిగించాడు. అగరుబత్తి మా దేవుడి అల్మారాలోదే, పొగ కనబడాలంటే ఏదైనా ఉందా అని అడిగితే నేనిచ్చింది. పొగ ఇటుక చిల్లులోకి పీల్చుకున్నట్టు వెళ్ళిపోయింది. నిమిషం తర్వాత పెరటి గోడ దగ్గర నా ముక్కుకి సన్నగా మల్లెపూల వాసన.

అక్కడి నుంచి పని చకచకా సాగింది. స్లీపర్ గోడలు మళ్ళీ కట్టి, పైన తేమ ఆపే పట్టీ వేసి, మార్చి 11కల్లా కొత్త వాసాలు దించారు. మందు పట్టించిన సి24 రకం (బలాన్ని బట్టి ఇచ్చే గ్రేడు) కర్ర, లేత ఆకుపచ్చ రంగు. 400 మిల్లీమీటర్లకి ఒకటి. ఈసారి చివర్లు గోడలో దూర్చలేదు, గోడకి వేలెడు దూరంలో స్లీపర్ గోడ మీదే ఆపారు. ఒక చిక్కు వచ్చింది. పాత నాలుగంగుళాల వాసం నిజంగా నాలుగంగుళాలు. కొత్త దానిపై నాలుగంగుళాలని రాసున్నా కొలిస్తే 97 మిల్లీమీటర్లే. ఆ ఐదు మిల్లీమీటర్ల తేడాకి గుమ్మాల దగ్గర మెట్టు వచ్చేస్తుంది. పాత పైకప్పు పలకరాళ్ళ ముక్కలు కింద పెట్టి సరిచేశారు, దానికే ఒక పూట పట్టింది. మావయ్యగారు ఫోన్‌లో కొత్త కర్ర చూసి మొహం చిట్లించారు. "ఇది కర్రేనా? పెట్టెలు కొట్టే చెక్కలా ఉంది. మన టేకు అయితేనా..." టేకు ధర ఇక్కడెంతో చెప్పాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

కౌన్సిల్ ఇన్‌స్పెక్టర్ మార్చి 14 ఉదయం పదికి రావాలి, 15 మధ్యాహ్నం వచ్చారు. ఒకటిన్నర రోజు పని ఆగింది, కూలీ ఆగలేదు. పది నిమిషాలు చూసి, గాలి పైపుల గురించి రెండు ప్రశ్నలు వేసి, సరే కానివ్వండి అన్నారు. తర్వాత వాసాల మధ్య 90 మిల్లీమీటర్ల గట్టి ఇన్సులేషన్ బోర్డులు. ఖర్చు తగ్గుతుందని కొన్ని మేమే కోశాం. ఆ పని మాత్రం మీరు పెట్టుకోకండి. పొడి చొక్కా లోపలికి దూరి మూడు రోజులు దురద. పైగా నేను కోసిన ఏ ముక్కా సందులో సరిగ్గా పట్టలేదు, ముసలాయన నురుగు కొట్టి కప్పిపుచ్చాడు.

పాత పలకల్లో సగానికి పైగా పనికొచ్చాయి. వాటిని ముందుగదిలోనే మళ్ళీ వేయించుకున్నాం. విరిగినవాటి బదులు పాత కర్ర అమ్మే చోటు నుంచి 270 పౌండ్లకి తెచ్చాం. వెనక గదికి కొత్త పలకలు. వాటిని కొట్టేముందు పది రోజులు ఇంట్లోనే ఉంచి ఇంటి గాలికి అలవాటు పడనిచ్చారు. కట్టలు విప్పి మా బెడ్‌రూమ్‌లో పేర్చారు, పది రోజులు పైన్ చెక్క వాసనలో పడుకున్నాం. పొయ్యి గూడు పక్కన ఆఖరి పలక కొట్టేముందు బూటుని గుడ్డలో చుట్టి ఉన్నచోటే పెట్టాం, ఒక రూపాయి బిళ్ళతో. దిష్టికో, వచ్చే నూరేళ్ళ తర్వాత తీసేవాళ్ళకో, మాకే తెలీదు.

ఏప్రిల్ 3న నీటి కంపెనీవాళ్ళు వీధి పైపు కలిపారు. 5న స్కర్టింగ్‌లు నంబర్ల ప్రకారం వాటి గోడలకి చేరాయి. 9న ఉగాది. కుర్చీలు ఇంకా మేడ మీదే ఉన్నాయి, ఉత్త పలకల మీద కూర్చుని పచ్చడి తిన్నాం. కౌన్సిల్ సర్టిఫికెట్ 26న ఈమెయిల్‌లో వచ్చింది.

లెక్క: బిల్డర్‌కి 7,600, గాలి పైపులకి 900, సీసం పైపుకి 1,150, పలకలు, సర్వేయర్, కౌన్సిల్ కలిపి 920. పెయింటు, చిల్లర పనులకి 430. అంతా కలిపి 11,000. ఎనిమిది వేలు పక్కన పెట్టుకుని మొదలుపెట్టాం. మిగతా మూడు వేలకి మా ఆయన ఇండియా ప్రయాణం వాయిదా పడింది, దాని గురించి తెనాలిలో ఇంకా మాట వస్తూనే ఉంటుంది.

ఏడాది తర్వాత, 2025 మార్చిలో, కర్రలో తేమ కొలిచే చిన్న మీటర్ కొనుక్కుని, నేలలోని తనిఖీ మూత ఎత్తి నేనే గుచ్చి చూశాను. 14 శాతం. స్టీలు గ్లాసులు ఇప్పుడు గలగలమనవు. మా చిన్నది ఎంత గెంతినా లాభం లేక ఆ ఆట మానేసింది. మెట్ల కింద చెప్పులు పెట్టుకునే గూడు మాత్రం డబ్బు చాలక అప్పుడు వదిలేశాం. అక్కడి పలకలు పాతవే, ఎడమవైపు మూల కాలు పెడితే కిర్రుమంటుంది. ఆ మూలకి మీటర్ ఇంకా గుచ్చలేదు.